కడపసీమ చీనీపండు

పండు కొనునపుడు మనము వెల యడుగుదుము. తొక్క నొక్కి చూతుము. రంగు బాగున్నదా యని పరికింతుము. అది యే నేలలో పుట్టినది, ఏ యెండకు పండినది, చెట్టు ఎన్ని దినములు దాహముతో నున్నది అని విచారించువారు అరుదు. ఐనను పండులోని తీపియు, పులుపును, రంగును, రసమును తోటవాని చేతిలో సగమును, నేల యొక్కయు ఆకాశము యొక్కయు చేతిలో సగమును ఉన్నవి. ఈ నెల మేము కర్నూలు, కడప సీమల నేలను, వానను, అచ్చటి చీనీపండును గూర్చి సోదరీమణులకు కొంత విన్నవింపదలచితిమి. 2022లో జిల్లాల విభజన జరిగి నంద్యాల, అన్నమయ్య జిల్లాలు వేరైనవి. మేమిచ్చట మాత్రము పాత కర్నూలు, కడప జిల్లాల హద్దులనే గ్రహించుచున్నాము.

మొదట పేరును గూర్చి ఒక మాట. రాయలసీమలో చీనీ యనుదానినే తక్కిన తెలుగునాట బత్తాయి యందురు. చీనీ యనగా చీనాదేశమునకు సంబంధించినది. బత్తాయి యను పేరు జావాద్వీపములోని బటేవియా నగరము, అనగా నేటి జకార్తా, పేరునుండి వచ్చినదందురు. దీని చుట్టమైన మోసంబికి ఆఫ్రికాలోని మొజాంబిక్ పేరు వచ్చినదని చెప్పుదురు. ఓడలపై వచ్చిన పండునకు ఓడరేవుల పేళ్ళు నిలిచినవి. శాస్త్రజ్ఞులు మాత్రము ఈ జాతి పూర్వమెన్నడో పంపరపనసయు కమలాపండును కూడుటచే పుట్టినదనియు, నిమ్మకుటుంబమంతటికి పుట్టినిల్లు హిమాలయపు దిగువ కొండలు, అస్సాము, దక్షిణచీనా ప్రాంతములనియు తేల్చిరి. మన సీమలో విస్తారముగా పండునది సాత్‌గుడి యను రకము. పులివెందుల, వేంపల్లె, లింగాల, సింహాద్రిపురము ప్రాంతములును, రైలుదారి మీది కోడూరు ప్రాంతమును ఈ జాతి తోటలకు ప్రసిద్ధికెక్కినవి.

ఇక నేల. మన వంటయింటి అరుగుమీద పరచిన నల్లని కడపరాయిని దినమును తుడుచు సోదరీమణులు ఆ రాయియే ఈ కథలో మొదటి పాత్రయని యెరిగిన ఆశ్చర్యపడుదురేమో! అది సున్నపురాయి. కర్నూలు, కడప సీమల క్రింద అర్ధచంద్రాకారమున దాదాపు 44 వేల చదరపు కిలోమీటర్ల మేర పూర్వకాలపు సముద్రగర్భమున పేరుకొన్న శిలల పొరలున్నవి. వానిలో పాతవి 150 కోట్ల యేండ్లకు మించినవి. భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1872లో ఈ శిలలను గూర్చి గ్రంథము ప్రకటించెను. నాటినుండి కడప, కర్నూలు అను పేళ్ళు లోకమందలి భూగర్భశాస్త్ర గ్రంథములలో నిలిచియున్నవి. జమ్మలమడుగు సమీపమున గల నార్జి గ్రామము పేరును, చీనీతోటల నడుమనున్న వేంపల్లె పేరును ఇందలి రెండు సున్నపురాతి పొరలకు పెట్టిరి.

రాయి అరిగి నేలయైనది. కుందూనది లోయలో నంద్యాల, కోయిలకుంట్ల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతములందు నల్లరేగడి పరచుకొన్నది. అది వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారును. త్రాగిన నీటిని నెలలతరబడి కడుపులో దాచుకొనును. కావుననే వానలు వెనుదిరిగిన పిమ్మట ఆ తేమతోనే జొన్నయు, శనగయు పండును. కొండల పాదములందు, మెట్టలమీద ఎర్రనేల. చెయ్యేరు మొదలగు నదుల దరులయందు ఇసుక కలిసిన గరపనేల. ఈ రెంటిలో నీరు నిలువక దిగిపోవును. చీనీచెట్టునకు కావలసినది ఇట్టి నేలయే. దాని చిన్నవేళ్ళలో అధికభాగము పైనున్న రెండడుగుల మట్టిలోనే సంచరించును. ఆ వేళ్ళకు నీటితోబాటు గాలియు కావలయును. బరువైన రేగడిలో నీరు నిలిచిన వేళ్ళు ఊపిరాడక క్రుళ్ళును. మొదట బంకకారు తెగులు పట్టును. కావుననే అనుభవముగల రైతు చెట్టు మొదలికి నీరంటకుండ, మొదలిచుట్టు మట్టి ఎగదోసి, దాని వెలుపల రెండవ వలయముగా పాదు కట్టి, అందే నీరు పెట్టును.

సున్నము మితిమీరిన నేలలో మరియొక చిక్కు కలదు. మట్టిలో ఇనుము, జింకు ఉండియు చెట్టునకు అందవు. లేతయాకులు ఈనెలు మాత్రము పచ్చగా నిలిచి, నడుమ పసుపెక్కును. పిల్లలు ఎదుటనున్న అన్నము తినలేక పాలిపోయినట్లే యిదియును. దీనికి ఉపాయము వేరులో నున్నది. చీనీమొక్కను గింజనుండి గాక, వేరొక నిమ్మజాతి మొక్కపై కన్ను అంటుకట్టి పెంచుదురు. పైభాగము చీనీ, వేరు మరియొకటి. కోడూరు చెంత అనంతరాజుపేటలో 1928లో స్థాపింపబడిన పండ్లతోటల పరిశోధనాస్థానమున ఏ వేరు ఏ నేలకు తగునని సంవత్సరములతరబడి పరీక్షలు జరిపిరి. అచ్చట పనిచేసిన కె. సి. నాయక్ దక్షిణదేశపు పండ్లను గూర్చి వ్రాసిన పెద్దగ్రంథము తోటపనివారికి చిరకాలము ఆధారమయ్యెను. పూర్వము జంబేరి వేరుమీద కట్టిన అంటులే విస్తారముగా నుండెను. రంగపూర్ నిమ్మవేరు బెట్టను, సున్నపునేలను ఓర్చుకొనునని తేలుటచే నేడు సాత్‌గుడికి దానినే మెచ్చుచున్నారు.

ఇక ఆకాశము సంగతి. పడమటికనుమలు నైరుతి మేఘములలోని నీటిని ముందే పిండుకొనును. తూర్పున నల్లమల, వెలికొండలు ఈశాన్యపు వానకు కొంత అడ్డము. ఈ రెండు గోడల నడుమ మన సీమ యున్నది. కడపలో సాలుకు సగటున సుమారు 700 మిల్లీమీటర్ల వాన కురియును. కర్నూలున అంతకును కొంచెము తక్కువ. అదియు నమ్మకము లేని వాన. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటి మండును. తుంగభద్రపై సుంకేసుల వద్ద మొదలగు కర్నూలు-కడప కాలువను 1863-70 సంవత్సరముల నడుమ మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు త్రవ్వించిరి. 1882లో ప్రభుత్వము దానిని కొనెను. ఆ కాలువ పారినంతమేర వరియు, పసుపును పచ్చగా నున్నవి. కాలువ ఎక్కని మెట్టలమీదనే ప్రజలు బావిని నమ్మి చీనీని పెట్టుకొనిరి.

ఇట్టి నేల, ఇట్టి ఎండ లోకమున మనకొక్కరికే గాదు. పోర్చుగల్లు దేశమున డౌరో యను నది కలదు. ఆ లోయలో పండు ద్రాక్షనుండి పోర్టు అను ద్రాక్షమద్యము చేయుదురు. మద్యమును మెచ్చుటకు గాక, నేలకును పండునకును గల బాంధవ్యము చూపుటకే దాని నిచ్చట ప్రస్తావించుచున్నాము. అచ్చట మరావు అను కొండలు అట్లాంటిక్ సముద్రపు వానను అడ్డగించును. తీరమందలి పోర్టో నగరమున వేయి మిల్లీమీటర్లకు మించి కురియు వాన, ఎగువ లోయలో అందు సగమైనను కురియదు. నేల పలకరాయి. ఆ రాయి నిలువుగా చీలును. ఆ చీలికలలో ద్రాక్షవేరు బహులోతునకు దిగి తడిని వెదకికొనును. ఎండకు పండులో చక్కెర పెరుగును, పులుపు తగ్గును. ఆ రసము పులియుచుండగా, చక్కెర సుమారు సగము మిగిలియున్నపుడే, ద్రాక్షనుండి బట్టీపట్టిన గాఢమైన సారాను అందు పోయుదురు. దానితో పులియుట ఆగిపోయి, తీపి నిలిచిపోవును. మన యూరగాయలో ఉప్పు చేయు పనిని అచ్చట సారా చేయుచున్నదన్నమాట. అందుచేతనే ఆ మద్యము పూర్వము ఓడలలో దూరదేశములకు పయనించియు చెడకుండెను.

ఆ మద్యమునకు పేరు వచ్చినంతనే కల్తీయు వచ్చెను. అప్పుడు పొంబాల్ అను మంత్రి 1756లో ఆ లోయకు ఎల్లలు నిర్ణయింపజేసెను. పిమ్మట ఆ యెల్లలవెంట రాతిస్తంభములు పాతించిరి. పండు పేరు నేలకు కట్టుబడియుండవలెనను నియమము అచ్చట అట్లు నెలకొనెను. మనకును ఇట్టి గౌరవము లేకపోలేదు. కర్నూలు సీమలోని బనగానపల్లె తన పేరును మామిడికిచ్చినది. ఆ మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది.

డౌరో తీగకును కడప చీనీకిని ఒక ముఖ్యమైన భేదము కలదు. చలికాలమున అచ్చటి ద్రాక్షతీగ ఆకు రాల్చి నిద్రించును. వసంతమున మేల్కొని చిగిర్చి పూయును. ఎప్పుడు పూయవలెనో దానికి చలియే చెప్పును. మన సీమలో అంత చలి లేదు. దక్కనులో ద్రాక్షతీగ నిద్ర యెరుగదు. కావున హైదరాబాదు పరిసరముల ద్రాక్షతోటలలో ఏప్రిలునందొకసారి, అక్టోబరునందొకసారి తీగను కత్తిరించి, రెండవ కత్తిరింపుపై కాపు పొందుదురు. అచ్చట చలి చేయవలసిన పనిని కత్తెర చేయుచున్నది. మరి చీనీచెట్టునకు ఆ పని చేయునది యేది? దాహము!

ఈశాన్యపు వానలు వెనుకబట్టి, మార్గశిర పుష్యమాసములలో ఆకాశము తేటపడగానే రైతు తోటకు నీరు మానివేయును. తేలిక నేలలో కొలదివారములు చాలును. లోతైన బరువు నేలలో నెలకు మించి పట్టును. ఆకులు వాడి ముడుచుకొనును, కొన్ని రాలును. క్రొత్తగా చూచువారు చెట్టు చచ్చుచున్నదని భయపడుదురు. అది చచ్చుట గాదు, పెరుగుట మానుకొని బలము కూడబెట్టుకొనుట. తగిన సమయము చూచి రైతు మట్టిని పైపైన త్రవ్వి, ఎరువు వేసి, మొదట కొంచెముగా, పిదప నిండుగా నీరు పెట్టును. కొలదిదినములకే చెట్టంతయు తెల్లని పూతయై తోట పరిమళించును. సంక్రాంతి దాటిన పిదప వచ్చిన ఆ పూత ఎనిమిది తొమ్మిది నెలలకు, అనగా దసరా దీపావళి నాటికి, పండగును. నడుమ అకాలపు వాన కురిసినచో చెట్టు దాహము తీరి, పూతకు మారుగా చిగురు వేయును; ఆ యేటి కాపు తప్పును. బెట్ట మితిమీరినచో కొమ్మలు చివరలనుండి ఎండును. కావున ఈ సేద్యమంతయు కొలతలో నున్నది. కొలతగల దాహము పూతనిచ్చును. కొలతలేని దాహము ప్రాణము తీయును.

మన ఇండ్లలో ఈ కొలత తప్పినచోట్ల ఏమి జరిగినదో కొంచెము చెప్పవలసియున్నది. పూర్వము తోటకు నీరు కపిలబావినుండి వచ్చెడిది. ఎద్దులు తోడగలిగినంతే నీరు. ఆ నీరు పారినంతే తోట. ఎద్దుల బలమే తోటకు హద్దుగా నుండెను. మోటారును, బోరుబావియు వచ్చిన పిమ్మట ఆ హద్దు తొలగెను. తోటలు పెరిగినవి, నీరు వందల యడుగుల క్రిందికి దిగినది. మన సీమ రాయి నీటిని కుండవలె దాచునది కాదు. అందలి చీలికలలో నున్నంతే నీరు. ఒకరు బోరు లోతు చేసిన ప్రక్కవారి బోరు ఎండును. వారును లోతు చేయుదురు. కాయ కొమ్మపై నుండి పెరుగు చైత్ర వైశాఖములలోనే చెట్టునకు నీరు అత్యవసరము. బోర్లలో నీరు అడుగంటునదియు అప్పుడే. కరువు సంవత్సరములలో ట్యాంకర్లతో నీరు తోలి చెట్లను బ్రతికించుకొన్న కుటుంబములు ఎన్నియో కలవు. తోలలేక గొడ్డలి పెట్టినవారును కలరు.

వరి ఎండిన ఒక పైరు పోవును. చీనీ ఎండిన ఏండ్లు పోవును. అంటుమొక్క నాటిన నాలుగైదేండ్లకు తొలికాపు, నిండుకాపునకు ఏడెనిమిదేండ్లు. ఆ మొక్కతోబాటు ఇంటి ఆడపిల్లయు పెరుగును. తల్లిదండ్రులు ఆ తోటను చూచుకొనియే దాని చదువును, పెండ్లిని లెక్కవేసికొందురు. బోరునకు చేసిన అప్పుపత్రముపై సంతకము మగవానిదే కావచ్చును; కుదువకు పోవునది మాత్రము ఆమె మెడలోని గొలుసే. కావున తోట పెట్టుట మగవారి వ్యవహారమని సోదరీమణులు ఊరకుండరాదని మా మనవి. నేల యేది, నీరెంత యని అడుగు హక్కు ఇల్లాలికి పూర్తిగా కలదు.

తోట పెట్టదలచిన యింట ఇల్లాలు మూడు ప్రశ్నలు అడుగవలెను. మొదటిది: మే నెలలో మన బావిలో నీరెంత యుండును? తొలకరినాటి నీటిని చూచి తోట పెట్టరాదు. నడివేసవి నీటిని చూచి పెట్టవలెను. ఆరు మీటర్ల యెడముగా నాటిన ఎకరమునకు సుమారు 110 చెట్లు పట్టును. ఆ నీటితో అందులో ఎన్నిటిని బ్రతికింపగలమో అన్నిటినే నాటుట మేలు. రెండవది: రెండడుగుల క్రింద నేల యెట్లున్నది? గుంత త్రవ్వి చూచిన తెలియును. బంకమట్టిగాని, సున్నపుగడ్డల పొరగాని తగిలినచో ఆ నేలకు చీనీ తగదు. మట్టిని పరీక్షకు పంపి సలహా తీసికొనవలెను. మూడవది: అంటు ఏ వేరుపై కట్టినది? అమ్మువానిమాట గాక, నమ్మకమైన నర్సరీనుండి తెచ్చుట యుక్తము. నాటునపుడు అంటుకట్టిన చోటు నేలకు బాగుగా పైనుండవలెను.

ఉన్న తోటను కాపాడుటకు బిందుసేద్యము మిక్కిలి మేలైనది. నీరు వేరున్నచోటికే పోవును. పాదులలో వేరుశనగపొట్టు, ఎండుటాకు పరచిన తడి త్వరగా ఆరిపోదు. చెట్లు చిన్నవిగానున్న తొలియేండ్లలో నడుమ అలసంద, పెసర, వేరుశనగ వేసికొన్న ఇంటికి గింజయు, నేలకు సత్తువయు కలుగును. చేని గట్టుననే వాననీరు ఆగి యింకునట్లు గుంతలు తీయుట ఇంటివారందరును కూడి చేయదగిన పని. చిత్రావతిపై పార్నపల్లె వద్ద జలాశయము వచ్చినదని, కాలువనీరు అందునని ధైర్యము కలుగవచ్చును. అదియు ఎగువ వాననుబట్టి వచ్చు నీరేగాని, అక్షయపాత్ర గాదు.

ఇక పండు కొని వాడుకొను సోదరీమణులకు ఒకటి రెండు మాటలు. చీనీతొక్క పచ్చగానున్నదని పండు పక్వముగాలేదని యెంచరాదు. నారింజ జాతిపండు తొక్కకు బంగారు రంగు రావలెనన్న రాత్రులు సుమారు 13 డిగ్రీలకు దిగువగా చల్లబడవలెను. మన సీమలో అట్టి రాత్రులు అరుదు. కావున లోపల తీయగా పండియు వెలుపల పచ్చగనో, పసుపుపచ్చగనో యుండును. ఆ వెచ్చని రాత్రులే పండులోని పులుపును తగ్గించును. చలిదేశపు నారింజకు రంగు ఎక్కువ, పులుపు ఎక్కువ. మన చీనీకి రంగు తక్కువ, పులుపు తక్కువ. రెంటికిని కారణమొక్కటే. రంగు చూడక, చేత పట్టి బరువు చూడవలెను. పరిమాణమునకు మించిన బరువున్న పండులో రసముండును. మామిడివలె దీనిని గడ్డిలో మాగవేసిన తీపి రాదు. కొమ్మపై పండినంతే పండుట. రసము తీసిన వెంటనే త్రాగవలెను, నిలువయుంచిన చేదెక్కును. గింజలు నలిగినను చేదు దిగును, కావున పిండునపుడు వానిని నలుగనీయరాదు. జ్వరము తగ్గినవారికి, పథ్యము తినువారికి మనపెద్దలు చీనీరసమునే ఇచ్చుట యుక్తమైనదే. నూరు గ్రాముల రసమున సుమారు 50 మిల్లీగ్రాముల సి విటమిను కలదు.

దసరా వచ్చుచున్నదన్న బజారున చీనీపండ్ల రాసులు కనబడును. వానిలో పచ్చని తొక్క గలదానిని చేతికి తీసికొన్నపుడు, దాని వెనుక నున్న సున్నపురాతి నేలను, పుష్యమాసపు బెట్టను, నడివేసవిలో ఆ చెట్టునకు ఎవరో ఒక యింటివారు కొలిచి పోసిన నీటిని సోదరీమణులు ఒకపరి తలచుకొందురుగాక. తొక్క పచ్చగానున్నదని బేరములో వెల తగ్గింపకుండుటయే మన సీమ రైతింటి స్త్రీకి మనము చేయగల మొదటి సాయము.